వాసన లేని కుక్క

నాకు కుక్క కావాలి, కుక్క వాసన మాత్రం వద్దు. ఈ రెండు కోరికలూ ఒకే ఫ్లాటులో ఇముడుతాయని నమ్మడానికి కావలసినంత తెలివితక్కువతనం నా దగ్గర నిల్వ ఉందని అప్పటికి నాకు తెలియదు.

మాది విశాఖలో సముద్రానికి దగ్గరి ఇల్లు. ఆరేసిన తువ్వాలు సాయంత్రానికి కూడా చెమ్మ వదలదు. వానాకాలం వచ్చిందంటే చెప్పుల స్టాండు నుంచి పుస్తకాల బీరువా దాకా ముక్కిపోయిన వాసనే. పైగా మా ఆవిడ ముక్కు మహా చురుకు. పక్కింట్లో ఎండుచేపలు వేయిస్తే ఏ రకమో ఇక్కణ్నుంచే చెప్పేస్తుంది. కుక్క సంగతి ఎత్తగానే ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: “గుమ్మంలో అడుగుపెట్టినవాళ్లు, మీ ఇంట్లో కుక్కుందా అని అడక్కూడదు.” పిల్లలు ఎగిరి గంతేశారు. నేను నోటుబుక్కు తీశాను.

గళ్లు గీసి మరీ రాసుకున్నాను. లాబ్రడార్ కొట్టివేత: నీళ్లలో దిగి పనిచేసే జాతి, రెండు పొరల బొచ్చు, పైపొరకి నూనె, తడిస్తే ఇక భరించలేం. గోల్డెన్ రిట్రీవర్‌దీ అదే కథ. పగ్ మొహం ముడతల్లో చెమ్మ చేరి చర్మం పాచిపోతుంది. కాకర్ స్పానియల్ చెవులు వేలాడుతుంటాయి, లోపలికి గాలి ఆడదు. కొంతకాలం బసెంజీ మీద మనసు పడ్డాను. అది మధ్య ఆఫ్రికాలోని కాంగో ప్రాంతపు వేటకుక్క. పిల్లిలా ఒళ్లు తనే నాకి శుభ్రం చేసుకుంటుంది, వాసన బాగా తక్కువ, అందరిలా మొరగదు, గొంతెత్తితే ఏదో రాగం తీస్తుంది. మొరగదు, కంపు కొట్టదు! నేను వెతుకుతున్నది కుక్కని కాదు, కుక్క కాని దాన్ని అని అక్కడే వెలగాల్సింది. వెలగలేదు. ఎక్కడా దొరక్క వదిలేశాను.

మన జాతులు చూడకపోలేదు. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ హౌండ్, తమిళనాడు రాజపాళయం, రెండింటికీ పొట్టి వెంట్రుకలు, ఒంటి వాసన తక్కువ. 2005లో తపాలా శాఖ స్టాంపులు వేసిన నాలుగు కుక్కజాతుల్లో ఈ రెండూ ఉన్నాయి. ‘పరుగుకి పుట్టిన కుక్కలు, బాల్కనీ చాలదు’ అని రాసి పక్కన పెట్టాను. మాట నిజమే. అసలు కారణం మాత్రం రాసుకోలేదు: ఆ పేర్లు చెబితే మా ఆఫీసులో ఎవరి కళ్లూ పెద్దవి కావు. ఇక మెట్ల కింద వాచ్‌మన్ సాకే ఊరకుక్క వానలో తడిసి, ఒకసారి ఒళ్లు దులుపుకుని, కాసేపటికి పొడిగా పడుకునేది. దాని దగ్గర ఏ వాసనా తగిలిన గుర్తు లేదు. నా గళ్లలో దానికి చోటే పెట్టలేదు.

చివరికి పూడిల్. బొచ్చు పెద్దగా రాలదు, ఒంటి వాసన తక్కువ. రెండూ అబద్ధాలు కావు. అమ్మినాయన ఇంకో మాట కలిపాడు: “పూడిల్ సార్! ఏం చెయ్యక్కర్లేదు.” ఖరీదు గురించి మా ఆవిడకి చెప్పిన అంకె వేరు, ఇచ్చింది వేరు. జున్ను అని పేరు పెట్టాం.

రాలని బొచ్చు ఎక్కడికి పోతుంది? పెరుగుతుంది. ఊడిన వెంట్రుక కూడా ఉంగరాల్లో చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. రోజూ దువ్వాలి, నెలా నెలన్నరకోసారి కత్తిరించాలి. క్షవరం చేయించి తెస్తుంటే వాచ్‌మన్, “దీనికి మంగలి కూడా ఉన్నాడేటి బాబూ?” అన్నాడు. ఆ మాటకి రోషం వచ్చి, తర్వాత చాలా రోజులు కత్తెర జోలికే పోలేదు.

వాసన మొదట మా ఆవిడకే తెలిసింది. నాకు తెలియలేదు. రోజంతా పీల్చే వాసనని ముక్కు లెక్కలోంచి తీసేస్తుంది కదా. నేనేం చేశానంటే, లోపల్నుంచి నోటుబుక్కు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. “చూడు, పూడిల్‌కి వాసన రాదు.” ఆవిడ పుస్తకం వంక చూసింది, జున్ను వంక చూసింది, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు మొదలైంది నా యుద్ధం. వారానికి రెండుసార్లు నా షాంపూతోనే స్నానం. మనిషి చర్మానిది కాస్త ఆమ్లగుణం, కుక్కది అంత కాదు. ఆ షాంపూకి చర్మం పొడిబారి పొట్టు రాలింది. దాని మీద పౌడరు అద్దాను. పొద్దున సాంబ్రాణి, సాయంత్రం అగరొత్తులు, మధ్యలో స్ప్రే. సోఫా కింద కలరా ఉండలు కూడా వేశాను. అవి నోట్లో పడితే కుక్క ప్రాణానికే ముప్పని తెలిశాక ఇప్పటికీ వెన్నులో చలి పుడుతుంది. మనకంటే ఎన్నో రెట్లు పదునైన ముక్కున్న ప్రాణి ఆ పొగలో ఏం అవస్థ పడిందో! తుమ్మి తుమ్మి బాత్రూములో తలుపు వెనక్కి చేరేది. ఆ రోజుల్లో ఇంటికొచ్చిన మా పిన్ని గుమ్మంలోనే ఆగి, “ఏరా, వ్రతమా?” అని అడిగింది. షరతు నెగ్గింది. కుక్క ఊసు ఎవరూ ఎత్తలేదు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది పొట్టు గురించి. ఆవిడ జున్ను చెవి తిప్పి, దూది పెట్టి తీసింది. దూదికి ముదురు గోధుమ రంగు జిగురు. “వాసన చూడండి” అని నా ముక్కు కింద పెట్టింది. పులిసిన వాసన. చెవి లోపల కూడా వెంట్రుకలు పెరిగే జాతి ఇది. స్నానం నీళ్లు అక్కడ నిలిచి, ఈస్టు పెరిగింది. పెదవి పైకెత్తితే పళ్ల మొదట్లో పసుపుపచ్చ గార. చంకల్లో ఉండలు కట్టిన బొచ్చు, దాని కింద ఆరని తడి. తోక కింద అటూ ఇటూ చిన్న గ్రంథులు రెండు ఉంటాయట, నిండిపోయాయని గ్లవ్స్ వేసుకుని నొక్కింది. ఆ కంపుకి నేను వరండాలోకి నడిచాను.

“పూడిల్‌కి వాసన రాదన్నారండీ” అన్నాను తిరిగొచ్చి.

“ఎవరన్నారు సార్?”

నోటుబుక్కు పేరెత్తలేకపోయాను.

ఇప్పుడు రోజూ దువ్వుతున్నాను. స్నానం తగ్గించాం. తడిస్తే వేళ్ల సందుల్తో సహా ఆరబెట్టాలి, చెవులకి మందునీళ్లు, పళ్లకి కుక్కల పేస్టు, పరుపు గలీబు ఉతుకు. ఇల్లు బానే ఉంది, వాసన పూర్తిగా పోలేదు. జున్ను పాదాలు మాత్రం బీచి రోడ్డులో కాల్చే మొక్కజొన్న పొత్తులా ఉంటాయి. అదీ బ్యాక్టీరియా పనేనట. ఎవరూ లేనప్పుడు మా ఆవిడ వాటిని పట్టుకుని వాసన చూడటం నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

మొన్న హైదరాబాద్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. “బావా, కుక్కని తెచ్చుకుందామనుకుంటున్నాం. ఇల్లు వాసన రాకూడదు. నీకు అనుభవం ఉంది కదా.” అరగంట చెప్పాను. చెవులూ, పళ్లూ, తోక కిందివీ, షాంపూ, కలరా ఉండలూ, ఏదీ దాచలేదు. అంతా ఓపిగ్గా విన్నాడు.

“అదంతా సరే బావా, జాతి పేరు చెప్పు, రాసుకుంటా.”

పూడిల్ అన్నాను.