కాంటెస్సా అన్నకు ఇంజను కావాలె

గద్వాలలో వేపచెట్టు కింద నిలబడ్డ ఆ కాంటెస్సా 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 అక్టోబరు 11న జిల్లా కూడా మారింది. రెండుసార్లూ దాని చక్రం ఒక్క చుట్టు తిరగలేదు. మహబూబ్‌నగర్ జిల్లాను విడగొట్టి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు చేసినప్పుడు, బండి నిలబడ్డ చోటనే కొత్త జిల్లాలోకి వచ్చేసింది. ఇన్నేళ్లలో అది చేసిన ప్రయాణాలు ఆ రెండే. ఎందుకు నడపవని ఓనరును అడిగి చూడండి. కోపం రాదు, సిగ్గూ పడడు. "ఇంజను చూస్తున్నం" అంటాడు.

ఊరు ఆయన్ని కాంటెస్సా అన్న అంటుంది. ఇది ఒక్క మనిషి పేరు కాదు. వనపర్తిలో ఇదే మనిషి మీసం లేకుండా కనిపిస్తాడు, నాగర్‌కర్నూలులో బట్టతలతో దొరుకుతాడు. గద్వాల శాఖవాడు కాస్త నిండుగా ఉంటాడు, సీడు పత్తి పైసలు కద. వయసు యాభై దాటి ఉంటుంది. చంకలో పాత ఎల్‌ఐసీ డైరీ. అందులో స్కేలు పెట్టి గీసిన గళ్లు: ఇంజను పేరు, సీసీ, హార్స్ పవరు, ఎవరి దగ్గరుంది, ఎంతంటున్నడు. చివరి గడి మీద 'మన నిర్ణయం' అని ఎర్ర ఇంకుతో రాసుకున్నాడు. ఆ గడి కింద కాగితం కొన్నప్పటంత తెల్లగా ఉంది.

కాంటెస్సా స్పోర్ట్స్ కారేనా అని ఆయన ముందు అనుమానం వ్యక్తం చేయకండి. ఛాయ్ చల్లారిపోతుంది. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1984లో దాన్ని రోడ్డెక్కించారు. ఒళ్లు ఇంగ్లండులోని వాక్స్‌హాల్ విక్టర్‌ది. లోపల మొదట పెట్టింది మాత్రం మన అంబాసిడర్ ఇంజనే, 1489 సీసీ, యాభై గుర్రాలకు అటూ ఇటూ. చూస్తే రేసు కారు, తొక్కితే అంబాసిడర్. తర్వాత జపాన్ ఇసుజు కంపెనీ 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను, ఐదో గేరు వచ్చాయి. పేరు వెనక క్లాసిక్ చేరింది, గుర్రాలు 88 అయ్యాయి. 2002లో తయారీ ఆగిపోయింది. మారుతి 800లో ఐదుగురు మోకాళ్లు ముడుచుకుని పోతున్న కాలంలో కాళ్లు చాపుకుని పోయే బండి అది. సినిమాలో విలను దిగాలంటే కాంటెస్సాలోంచే దిగాలి. అన్న యవ్వనం ఆ సినిమాల్లో గడిచింది. హీరో ఎక్కే బండి ఏదో ఆయనకు ఇప్పటికీ గుర్తు లేదు.

అన్నది 1.8. వనపర్తిలో పెళ్లికి పోయి వస్తుంటే బీచుపల్లి బ్రిడ్జి మీద టెంపరేచరు ముల్లు ఎర్రగీత దాటింది. ఆంజనేయుని గుడి దగ్గర ఆపుదామంది వదిన. ఎర్రవల్లి చౌరస్తాలో ఛాయ్ తాగుతూ ఆపుదామన్నాడు అన్న. ఎర్రవల్లి రాకముందే ఇంజను పట్టేసింది.

అప్పటి నుంచి ఆ పొడుగు బానెట్ వదిన అధీనంలోకి వచ్చింది. మిరపకాయలు, చింతపండు, ఎండాకాలం వడియాలు అన్నీ దాని మీదే. కొత్త కార్ల బానెట్లన్నీ ముందుకు జారుడుగా ఉంటాయట, ఇదొక్కటే బల్లపరుపుగా ఉందట. పైగా మధ్యాహ్నానికి రేకు కింది నుంచి కూడా కాలుతుంది కాబట్టి వడియం తిప్పే పని లేదట. కాంటెస్సా డిజైనును ఇంత శ్రద్ధగా గమనించినవాళ్లు దాన్ని తయారుచేసిన ఉత్తరపారా ఫ్యాక్టరీలో కూడా ఉండి ఉండరు.

ఇక ఇంజన్ల సంగతి. అన్నకు సలహాలిచ్చే మెకానిక్కులు మూడు ఊళ్లలో ఉన్నారు, మూడు ఊళ్లకూ మూడు మతాలు.

గద్వాల మెకానిక్కుది డీజిలు మతం. పొలాల గట్ల మీద తిరిగే బండ్లు బాగుచేసి బతికేవాడు, పెట్రోలు అనే మాట వింటేనే జాలిపడతాడు. "తవేరాది ఏసుకో అన్నా. రెండున్నర లీటర్లు, 80 గుర్రాలు. అదీ ఇసుజే, నీదీ ఇసుజే. మేనరికం." అన్న నాలుగు రోజులు ఆలోచించి వచ్చాడు. "మేనరికాలు మంచియి కావంటున్నరు కద డాక్టర్లు" అన్నాడు.

వనపర్తి వేరు. రాజావారి కోటలో పాలిటెక్నిక్ పెట్టిన ఊరు అది. అక్కడ పంక్చర్లు వేసేవాడు కూడా బొమ్మ గీసి చెప్తాడు. మెకానిక్కు సుద్దముక్కతో నేల మీద గీశాడు. ఎస్టీమ్ ఇంజను 1298 సీసీ, తేలిక, చలాకీ, చవక. అన్నీ బాగానే ఉన్నాయి గానీ అది బానెట్ కింద అడ్డంగా కూర్చుని ముందు చక్రాలు తిప్పుతుంది. కాంటెస్సాకు నిలువుగా కూర్చుని వెనక చక్రాలు తిప్పేది కావాలి. "అట్లయితే జిప్సీది దొరకవట్టుకో సార్. అదే ఇంటిది, నిలువుగ కూసుంటది." జిప్సీ కోసం అన్న చాలా తిరిగాడు. ఉన్నవాళ్లు అమ్మరు, అమ్మేవాళ్ల దగ్గర ఇంజను ఉండదు. టయోటా క్వాలిస్ ఇంజను మాటా వచ్చింది. 2446 సీసీ, 75 గుర్రాలు, చావు తెలియని ఇంజనని పేరు. ఆ పేరు విని ధర కూడా చావు మర్చిపోయింది.

నాగర్‌కర్నూలుకు పోతే అది జీపుల దేశం. మన్ననూరు దాటి నల్లమల ఘాటు ఎక్కి శ్రీశైలం పోయి వచ్చే బండ్లు ఎక్కువ. అక్కడి మెకానిక్కు చేతులు తుడుచుకోకుండానే తీర్పు చెప్పేశాడు. "బొలెరో డీఐ ఇంజను పెట్టు కాకా. 2523 సీసీ. ఘాటుల ఎనకకు చూడది." శబ్దం సంగతేందని అన్న అడిగాడు. కండ్లు మూసుకుంటే జీపుల పోతున్నట్టు ఉంటది కద అని ఆయన బాధ. "కండ్లు మూసుకొని ఎందుకు నడుపుతవ్?" అన్నాడు మెకానిక్కు. ఆ ప్రశ్నకు జవాబు దొరక్క అన్న శ్రీశైలం ప్రయాణం లెక్కలోకి దిగాడు. మన్ననూరు చెక్‌పోస్టులో రాత్రి తొమ్మిదికి గేటు పడుతుంది, పొద్దున ఆరుకు గానీ తీయరు. ఏ ఇంజనైతే తొమ్మిదిలోపు ఇవతలికి తెచ్చి పడేస్తుంది? ఇంజను లేని కారుకు టైంటేబులు రాసుకునే ఓపిక నాకైతే లేదు.

ఉచిత సలహాలు వేరే. ఛాయ్ హోటల్లో ఒకడు టాటా ఏస్ ఇంజను పెట్టమన్నాడు, మొదట్లో వచ్చిన ఏస్‌ది 702 సీసీ, 16 గుర్రాలు. అన్న వాడితో నెల రోజులు మాట్లాడలేదు. బీటెక్ చదివే అల్లుడు టయోటా సుప్రా కారులోని 2జేజెడ్ ఇంజను చూపించాడు. మూడు లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు. డాలస్‌లో ఉన్న బావమరిది ఫోను పెట్టుకుని గంటసేపు ఊదరగొట్టాడు. "బావా, ఇక్కడ ఏ పాత కారుకైనా ఒకటే మందు. ఎల్‌ఎస్ వీ8. సిల్వరాడో ట్రక్కులది 5.3 లీటర్లది తుక్కు యార్డులోనే దొరుకుతది." అమెరికావాళ్లకు అది చవకే. 1997లో కార్వెట్‌తో మొదలైన ఆ ఇంజను వంశం లక్షల ట్రక్కులకు పాకింది కాబట్టి, అక్కడ తుక్కులో దొరుకుతుంది. గద్వాలలో తుక్కులో దొరికేది బోరు మోటార్లు. అయినా అన్న డైరీలో రాసుకున్నాడు. 'ఎవరి దగ్గరుంది' గడిలో 'అమెరికా' అని.

అన్న తుక్కు దుకాణంలో ఇంజను చూసే తీరు చూడాలి. పెబ్బేరు సంతలో ఎద్దు పళ్లు చూసే రైతులా, ముందు ఏమీ మాట్లాడకుండా చుట్టూ ఒకసారి తిరుగుతాడు. డిప్‌స్టిక్ లాగి ఆయిలును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతాడు. గరుకు తగిలితే పెదవి విరుస్తాడు. ఆయిల్ మూత విప్పి లోపల కాఫీ రంగు నురగ ఉందేమో చూస్తాడు, ఉంటే హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు కలిశాయని లెక్క. స్పార్కు ప్లగ్గు విప్పించి ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, కుర్రాడి చేత సెల్ఫ్ కొట్టిస్తాడు. గాలి వేలును ఎగదన్నితే కంప్రెషన్ ఉన్నట్టు. ఈ పరీక్షల్లో ఆయన తప్పడు, నిజం చెప్పాలి. ఆయన వద్దన్న ఇంజను కొన్నవాళ్లు తర్వాత ఏడ్చారు. ఆయన బాగుందన్న ఇంజను కొన్నవాళ్లు ఇప్పటికీ తిప్పుతున్నారు. బాగుందన్నాక మాత్రం ఆయన కొనడు. "ఇంకోటి చూద్దాం" అని డైరీ మూస్తాడు.

కొనకపోవడానికి లెక్కలూ సాయపడతాయి. ఇంజను ధర ఈ వ్యవహారంలో అన్నిటికన్నా చిన్న ఖర్చు, ఈ సంగతి అన్నకు నా కన్నా బాగా తెలుసు. ఫౌండేషన్లు కోసి కొత్తవి వెల్డింగు చేయాలి. గేరుబాక్సు కలవడానికి లేత్ మీద ప్లేటు తీయించాలి. జాయింటు రాడ్డు పొడుగు తగ్గించి బ్యాలెన్సు చేయించాలి, లేకపోతే అరవై దాటగానే ఒళ్లు కుదుపుతుంది. ఆయిల్ చాంబర్ కింద అడ్డ కమ్మీకి తగిలితే దాన్నీ కోయాలి. డీజిలు పెడితే ముందు స్ప్రింగులు మార్చాలి, బరువు ఎక్కువ. బ్రేకు బూస్టరుకు వాక్యూమ్ పంపు కావాలి, పెట్రోలు ఇంజను పీల్చినట్టు డీజిలు గాలి పీల్చదు. రేడియేటరు, సైలెన్సరు, వైరింగు ఉండనే ఉన్నాయి. అన్న ఈ చిట్టా చదువుతుంటే వదిన మరో చిట్టా కడుతుంది. ఆవిడ లెక్కకు ప్రమాణం గద్వాల చీర. "ఫౌండేషన్లకు ఒకటి, రేడియేటరుకు ఒకటి, గా రాడ్డుకు జరీ అంచుది..." ఆమె లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఆ చీరలు మాత్రం వచ్చింది లేదు.

ఆఖరికి చట్టం. ఎవరో రవాణా ఆఫీసులో అడిగి రమ్మన్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీవాడు చెప్పిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, ఇలా మార్చిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అని రాశారు. ఇంకొకరైతే దిగులుపడేవారు. అన్న ముఖం వెలిగింది. తవేరా, జిప్సీ, క్వాలిస్, బొలెరో, అమెరికా అన్నీ ఒక్క దెబ్బకు కొట్టేసి, డైరీలో కొత్త పేజీ తీశాడు. మళ్లీ మొదటి నుంచి చూడొచ్చు.

ఇక్కడే నాకు ఆయన మీద అనుమానం మొదలైంది. అనుమతి తీసుకుని అదే రకం ఇంజను వేసుకుంటే ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకునే దారి ఉంది. అదే రకం ఇంజను ఎక్కడుందో కూడా అందరికీ తెలుసు. 1990లలో వచ్చిన అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లో హిందుస్థాన్ మోటార్స్ పెట్టింది ఈ ఇసుజు 1817 సీసీ ఇంజనునే, గుర్రాలు కొంచెం తగ్గించి. కలెక్టర్లు, ఇంజనీర్లు తిరిగిన అంబాసిడర్లు ఆఫీసుల వెనక తుమ్మచెట్ల కింద ఎన్ని పడి లేవు! బ్లాకు అదే, గేరుబాక్సు మార్చే పని లేదు, పెద్ద వెల్డింగు లేదు, జైలు లేదు. అదీ వద్దంటే ఉన్న ఇంజనునే విప్పి, రీబోరు చేయించి, కొత్త పిస్టన్లు వేయించుకోవచ్చు. ఇది అన్నకు చెప్పాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు.

"అది తెల్వదా నాకు" అన్నాడు. "అది ఏసుకుంటే ఇగ అయిపాయె కద."

అందుచేత గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పాఠకులకు ఒక మనవి. మీ షెడ్డులోనో, మీ ఆఫీసు వెనకనో తిరిగే స్థితిలో ఉన్న అంబాసిడర్ 1800 ఇంజను ఉంటే దయచేసి ఆయనకు చెప్పకండి. మూడు ఊళ్ల మెకానిక్కులకు ఛాయ్ పోయించేది ఆయనే. పైగా ఈ ఏడు వదిన వడియాలు ఇంకా ఎండలేదు.