లోపలి గీత

గోదావరిని పటం మీద గీయడం ఒక్క గీతతో అయ్యే పని కాదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గౌతమి, వశిష్ఠ అని రెండవుతుంది. కిందికి వెళ్లాక వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎవరైనా చేర్చగల, ఎవరైనా దిద్దగల ప్రపంచపటం. అందులో ఒక గీతకి 2000 చుక్కలకి మించి పట్టవు. అందుకే ఒడ్డుని ముక్కలుగా గీసి, కొసకి కొస కలిపి, అన్నిటినీ 'రిలేషన్' అనే ఒక కట్టగా కట్టాలి. ఒడ్డు గీతలు 'ఔటర్', నది మధ్య లంకల చుట్టూ గీసినవి 'ఇన్నర్'. ఒక్క కొస ఊడినా ఆ పాయంతా పటంలో కనబడకుండా పోతుంది. ఇన్నర్ గీత జారిపోతే లంక మునుగుతుంది.

రాజమండ్రిలో రాత్రిళ్లు కూర్చుని నేను చేసే పని ఇదే. జీతం కోసం కాదు. గోదారి మోసుకొచ్చిన ఒండ్రు మీద మనుషులు కట్టుకున్న ఊళ్లు పటంలో ఉండాలి కదా!

ఒకరాత్రి చూద్దును కదా, వశిష్ఠ పాయలో ఓ చిన్న లంక లేదు. ఎవరో కొత్తగా చేరినతను, అదే అతని మొదటి మార్పు. ఇన్నర్ గీత తీసేశాడు, పది పదిహేను ఇళ్లు ఒక్కొక్కటిగా తుడిచేశాడు. ఎందుకో ఒక్క ముక్క రాయలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉపగ్రహచిత్రం తెరిస్తే లంక పచ్చగా కనబడుతోంది. అరటితోటలు, ఇళ్ల కప్పులు, రేవులో పడవ. తెల్లారేదాకా కూర్చుని మళ్లీ గీశాను. అతనికి రాశాను: "ఊరిని కళ్లతో చూడకుండా ఇలా తుడిచేయకండి." జవాబు రాలేదు.

రెండు వారాలు పోయాక ఆ లంకలో వీధుల పేర్లు కనుక్కుందామని వెళ్లాను. ఏటిగట్టు మీద ఒక పెద్దాయన కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. ఫోను చూపించాను. చేతులు పంచెకి తుడుచుకుని అందుకున్నారు.

"ఇది రేవండి. ఇది రాములోరి గుడి. ఇదిగో, ఇది మా ఇల్లండి." పీచు మరకలున్న వేలు ఆ చిన్న చదరం మీదే ఆగిపోయింది.

"అక్కడికి పడవ ఎన్నింటికి తాతగారూ?"

ఆయన తలెత్తి నదివైపు చూశారు. నేనూ చూశాను. ఎర్రనీళ్లు. వాటి మధ్య ఏటవాలుగా ఒక్క కొబ్బరిమొద్దు.

"ఈ ఫొటో ఎప్పటిదండి బాబూ?"

నేను తేదీ చూడలేదు.

"2022 వరదకి సగం పోయిందండి. మిగిలిన సగం మొన్న కోతకి పోయింది. మా మనవడు ఇక్కడే నిలబడి చూశాడండి. ఆ రాత్రి ఫోనులో ఈ పటమే తీసి, 'తాతా, ఇందులో మన ఊరింకా ఉంది' అని ఏడుస్తా ఒక్కో ఇల్లూ తుడిచాడు. మన ఇల్లు ఆఖర్న తుడిచాడండి."

ఫోను నా చేతికిచ్చి, మళ్లీ కొబ్బరికాయ అందుకున్నారు.

"తెల్లారేసరికి ఎవరో మళ్లీ గీసేశారంటండి. ఊరు కళ్లతో చూడమని రాశారంట పిల్లోడికి."