మండలిలో అందరూ ఉన్నారు, కొల్లేరు తప్ప

విద్వత్ పత్రికల సంపాదక మండళ్లలో, అంటే ఏ పరిశోధన వ్యాసం అచ్చుకు తగినదో ఏది తిరుగు టపాకు తగినదో తేల్చే పెద్దల కూటముల్లో, వైవిధ్యం పెరగాలన్న తపన ఎంతగా ముదిరిందంటే, 2020లో రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ చొరవతో పలు ప్రచురణ సంస్థలు ఏకమై, తమ సంపాదకుల్లో స్త్రీలెందరో, ఏ జాతివారెందరో లెక్క తీస్తామని ఉమ్మడిగా మాట ఇచ్చాయి. లెక్క తీయడం మంచిదే. అయితే పేర్ల పట్టిక నిండితే పని ముగిసినట్టేనని భావించే విద్యలో తెలుగునేల ఈ సంస్థలకు ఏనాడో గురుస్థానం అందుకుంది.

హైదరాబాదు కేంద్రంగా వందలాది పత్రికలు నడిపిన ఓమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వేసిన దావాలో, ఒప్పుకోని ఆచార్యులను కూడా సంపాదకులుగా చూపారన్నది ఒక ప్రధాన అభియోగం కాగా, 2019లో అక్కడి న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పునిచ్చింది. మనిషిని అడగకుండానే చేర్చుకోవడాన్ని మించిన సమ్మిళితత్వం ఏముంటుంది? అంతకన్నా ముందుకు పోయిన ఉదారులూ ఉన్నారు: పోలండు పరిశోధకులు లేని ఒక పండితురాలిని కల్పించి 360 పత్రికలకు దరఖాస్తు పంపగా, 48 పత్రికలు ఆమెను సంపాదకురాలిగా అంగీకరించాయని 2017లో బయటపెట్టారు. ఉన్నవారికి చోటివ్వని లోకం లేనివారికి ఇచ్చిందన్నమాట.

ఇక గౌరవనీయ పత్రికల సంగతికి ఏలూరు దగ్గరి కొల్లేరు సరస్సే సాక్షి. 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున గీసిన రేఖ వరకు, అభయారణ్యమై, 2002లో రామ్‌సార్ చిత్తడినేలగా అంతర్జాతీయ గుర్తింపు పొంది, 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టించుకున్న ఈ సరస్సులో పరిశోధకులు కొలవని నీరు లేదు, జల్లించని బురద లేదు. బుడమేరు, తమ్మిలేరు ఎప్పుడు పొంగుతాయో, ఉప్పుటేరు ఎప్పుడు ఉప్పునీటిని ఎగదోస్తుందో, కొర్రమీను ఏ గడ్డిలో దాగుతుందో వలలతో, మావులనే చేపల బోనులతో తరతరాలుగా తెలుసుకున్న వడ్డి కులస్తులు మాత్రం ఆ వ్యాసాల్లో ప్రశ్నావళికి జవాబు చెప్పిన కొన్ని శాతాలుగా మిగులుతారు. వారి మాట సరిగ్గా ఎక్కిందో లేదో తేల్చేవారు, సంపాదక మండలిలోని, తెలుగు రానక్కరలేని దక్షిణాసియా ప్రతినిధులు.

కొల్లేటికి దగ్గర్లోనే తాడేపల్లిగూడెంలో నిట్, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల ఉన్నాయి కదా అంటే, అక్కడి అధ్యాపకులకు అంతర్జాతీయ ఖ్యాతి చాలదన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ ఖ్యాతి రావాలంటే వ్యాసాలు అచ్చు కావాలి. అచ్చు కావాలంటే చాలాచోట్ల డాలర్లలో రుసుము కట్టాలి. పేదదేశాలకిచ్చే మినహాయింపు జాబితాల్లో భారతదేశానికి సాధారణంగా చోటు దొరకదు. దొరికినా మెచ్చవలసింది మళ్లీ ఆ మండలే.

కాబట్టి మండళ్లకు ఒక సలహా. ఉత్తరాది చలిదేశాల నుంచి ఏటా కొల్లేటికి వచ్చే వలసబాతును సభ్యత్వానికి పరిశీలించవచ్చు: దానికి విదేశీ అనుభవం ఉంది, క్షేత్రపరిచయం ఉంది, జీతం అక్కర్లేదు, అన్నిటికీ మించి ఏ వ్యాసాన్నీ తప్పుపట్టదు. ఫొటోలో కూడా బాగుంటుంది.

సలహా నచ్చని పత్రికలు చేయవలసిన పని చిన్నది. కొల్లేరు మీద వ్యాసం వచ్చినప్పుడు దాన్ని కొల్లేరు తెలిసిన అధ్యాపకుడికి సమీక్షకు పంపి, సారాన్ని తెలుగులో రాయించి కొల్లేటి లంకల్లో వినిపించి, అక్కడివారు తప్పన్నదాన్ని సరిదిద్దే వరకు అచ్చు ఆపాలి. ఆ ఓపిక లేని పత్రిక తన వైవిధ్య ప్రకటనను తీసేయాలి.