ఒంటిపూట బడి, నిండుపూట సభ

ఒంటిపూట బడి, అంటే ఎండ ముదరకముందే పిల్లలను ఇళ్లకు చేర్చే ఏర్పాటు, తెలుగు పల్లెల్లో మార్చి నడుమనే మొదలవుతున్నా, ఆ నియమం బడి వార్షికోత్సవానికి మాత్రం వర్తించకపోవడం విశేషం. ముఖ్య అతిథి కారు దుమ్ము రేపుకుంటూ వచ్చేదాకా పిల్లలు మిట్టమధ్యాహ్నం బారులు తీరి నిలబడగా, షామియానా నీడా కూలరు గాలీ వేదిక దగ్గరే ఆగిపోతాయి. అనంతరం వక్తలు విద్యార్థి సంక్షేమం, అనగా పిల్లల ఒంటికీ మనసుకూ ఉండవలసిన కుదురు, అనే అంశంపై తనివితీరా ప్రసంగిస్తుంటే, కాటుక మీసం చెమటకు గడ్డం దాకా జారిన శ్రీకృష్ణదేవరాయలు అట్ట కిరీటం చంకన పెట్టుకుని మంచినీళ్ల కుండ వెతుక్కుంటాడు. మానసిక ఒత్తిడిలో ఉన్నవారికి ఫోనులో ఉచితంగా సలహా ఇచ్చే టెలిమానస్ నంబరు 14416 ఆ మైకులో ఒక్కసారైనా వినిపించదు. శాలువాలు కప్పడానికే పొద్దు చాలదు కాబోలు. ఈ సభ ముగిసి వేసవి సెలవులు రాగానే బడిలో పెట్టే మధ్యాహ్న భోజనమూ ఆగుతుంది. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ దానిని పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించిన సంగతిని సభాధ్యక్షులు ప్రస్తావించరు. వచ్చే ఏడు నిర్వాహకులు నీడనూ నీళ్లనూ ముందు పిలిచి, అతిథిని ఆ తర్వాత పిలవాలని మనవి.