పుల్ల ఐసు పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం (ఆటవెలది)

పుల్ల ఐసు తినుచు పోవుచుండెడివేళ
తోక నూపు కుక్క తోడ వచ్చె
జాలిపడుచు నొక్క చల్లని ముక్కిచ్చు
దాత! యట్ట మీది రాతఁ జదువు

అవతారిక: 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిరులో, సాయంకాలం మెరీనా పార్కున షికారు చేయు తెలుగువారికి ఈ హితోపదేశం. ఆలంబనం కుక్క, ఉద్దీపనం ద్వీపాల ఉక్కపోత, రసం కరుణ. మోచేతిదాకా కారునది వేరొక రసం.

ప్రతిపదార్థం:

పుల్ల ఐసు = పుల్లకు గడ్డకట్టిన పంచదార రంగునీళ్లు. సంధి చేయలేదని వైయాకరణుల ఆక్షేపణ. చలికి అచ్చులు బిగుసుకున్నవని కవిపక్షం సమాధానం. పుల్ల మనకు పిడి, కుక్కకు అదీ భక్ష్యమే. మింగితే పేగులో గుచ్చుకుని కోతదాకా తేగలదు.

తోక నూపు = తోకను ఆడించుచున్న. ఇది సమ్మతి మాత్రమే, వైద్యుని చీటీ కాదు. కుక్క నాలుకకు తీపి తెలియును, పిల్లికి తెలియదు. కనుకనే కవి పిల్లిని పిలువలేదు.

ఒక్క = ఒకే ఒక. రెండవది అడగదన్న భ్రమ ఇందు ధ్వని.

చల్లని ముక్క = ఇది బహువిధం. పాలదైతే, ఎదిగిన కుక్కలు చాలావాటికి పాలచక్కెర అరగదు గనుక ఫలం విరేచనం. చాక్లెట్టుదైతే, అందలి థియోబ్రోమిన్ మన ఒంట్లోకన్న కుక్క ఒంట్లో చాలాసేపు నిలిచి గుండెదడ, వణుకు, మూర్ఛ తేగలదు. కిస్‌మిస్ కలిసినదైతే మూత్రపిండాలకు ముప్పు.

దాత! = సంబోధనం; పుణ్యం ఆశించువాడా అని భావం.

అట్ట మీది రాత = కప్పుపై, కవరుపై సన్నని అక్షరాలలోని దినుసుల పట్టిక. పద్యానికి ఇదే ప్రాణం.

పూర్వపక్షం: తాతగారికి షుగరు, ఆయన కోసం తెచ్చిన చక్కెర లేని ఐస్‌క్రీము కుక్కకు ఇంకా మేలు కదా?

సిద్ధాంతం: కాదు. అందులో చక్కెరకు బదులు తీపికై కలుపు జైలిటాల్ ఉంటే అదే అన్నిటికన్న చేటు. పట్టికలో 967 అను అంకెగానూ అది దాగవచ్చు. మనిషికి నిరపాయం, కుక్కకు మాత్రం ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగదన్ని రక్తంలో చక్కెర పడిపోవును. కిలో బరువుకు 0.1 గ్రాము చాలు. అనగా పది కిలోల కుక్కకు ఒక గ్రాము. మోతాదు పెరిగితే కాలేయమూ చెడును. లక్షణాలు అరగంటలోనే మొదలు కావచ్చు. అండమాన్‌లోనే ఉన్న స్వరాజ్ ద్వీపంలో ఇది జరిగితే, అక్కడినుండి శ్రీవిజయపురానికి ఓడ ప్రయాణమే గంటకు పైమాట. కనుక కక్కించు నాటువైద్యం మాని, ముందు పశువైద్యునికి ఫోను చేసి, ఆ కవరు చేతబట్టుకుని బయలుదేరవలెను.

విశేషం: కుక్క చెమటతో కాదు, రొప్పుతో చల్లబడును. తేమగాలిలో ఆ రొప్పూ సరిగా పనిచేయదు. ఒక ముక్క ఐసు దాని వేడి దింపదు. నీడ, నీళ్లు దింపును.

తాత్పర్యం: ఓ దాతా! మామూలు పుల్ల ఐసు ఒకసారి నాకినంత మాత్రాన కుక్క చావదు, అలాగని బాగుపడదు. పెట్టి తీరాలనిపిస్తే గింజలు తీసిన పుచ్చముక్కనో, చక్కెర కలపని గట్టిపెరుగు చెంచాడో గడ్డకట్టించి కొంచెం పెట్టుము.

ఫలశ్రుతి: ఇది చదివి ఆచరించువారికి అర్ధరాత్రి లేచి వరండా కడుగు కర్మ తప్పును.