పాలలో నీళ్ళు, ఫోటోలో నీళ్ళు

కెమెరా మెళ్ళో వేసుకున్న మనిషికి నీళ్ళు కనిపిస్తే ఒళ్ళు తెలీదు. ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు, కాపురం చేసి చెబుతున్న మాట. మా ఆయన రిటైరైనప్పుడు ఆఫీసువాళ్ళు శాలువా కప్పి, వెండి వినాయకుణ్ణి చేతిలో పెట్టి పంపించారు. అంతటితో పోయేదే. మా అబ్బాయి అమెరికా నుంచి కెమెరా పంపాడు. ఇక అప్పట్నుంచీ ఈయనకి లోకంలో నీళ్ళు తప్ప ఇంకేమీ ఆనడం లేదు. వాన వెలిశాక రోడ్డు మీద గుంట కనిపిస్తే జనం చీర కుచ్చిళ్ళూ ప్యాంటు అంచులూ ఎత్తి పట్టుకుని పక్కనుంచి పోతారు. ఈయన మాత్రం ఆ గుంట ఒడ్డున గొంతుక్కూర్చుంటారు. ఓసారి పాతబస్తీలో అలాగే కూర్చుంటే ఆటో అబ్బాయి ఒకడు హారన్ కొట్టీ కొట్టీ విసిగి, "పెద్దాయనా, ఏమన్నా పడిపోయిందా?" అని అడిగాడు. ఈయన తలెత్తకుండా "చార్మినార్" అన్నారు. నీళ్ళలో మీనార్లు తలకిందులుగా కనబడుతున్నాయని ఈయన భావం. ఆ అబ్బాయి ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఎంతో జాలిగా ఆటో వెనక్కి తీసుకుని వేరే దారిన పోయాడు.

ఎందుకండీ ఈ గుంటల గోల అంటే ప్యారిస్ నుంచి మొదలుపెడతారు. 1932లో సెయింట్ లజార్ రైల్వే స్టేషన్ వెనకాల కార్టియర్ బ్రెసన్ అనే ఫ్రెంచాయన చెక్క కంచె సందులోంచి ఒక ఫోటో తీశాడు. నీళ్ళు నిలిచిన జాగాలో ఒక పెద్దమనిషి టోపీ పెట్టుకుని గెంతుతున్నాడు. మడమ నీళ్ళకి తగలడానికి వెంట్రుకవాసి దూరం ఉంది. కింద నీళ్ళలో అతగాడి నీడ కూడా గెంతుతోంది. ఫోటోగ్రఫీ పాఠాల్లో దీన్ని తలుచుకోనివాళ్ళుండరట. నేనూ చూశాను, బాగానే ఉంది. కానీ ఆ తర్వాత ఏమైందో ఫోటోలో లేదు. నాకు కావలసింది ఆ తర్వాతి ముక్కే. మడమ నీళ్ళలో పడింది, ప్యాంటు మోకాళ్ళదాకా తడిసింది. ఆ బురద ప్యాంటు ఉతికిందెవరు? ఇన్నేళ్ళలో ఇంతమంది ఆ ఫోటో మీద ఇన్ని వ్యాసాలు రాశారు గదా, ఒక్కరికైనా ఈ అనుమానం వచ్చినట్టు లేదు.

నా మటుకు నాకు ఒక సంగతి అర్థమైంది. నీళ్ళు ఫోటోకి లొంగవు. రంగులేదు, రూపం లేదు, నిలకడ అసలే లేదు. నీళ్ళని తీశామనుకుని మనం తీసేది వాటిలో పడ్డ ఆకాశాన్నో, అడుగునున్న రాళ్ళనో, పక్కన నిలబడ్డ బర్రెనో. అందుకే నీళ్ళ ఫోటో తీసేవాళ్ళందరూ ఏదో ఒక కల్తీ చేస్తారు. కావాలంటే చూడండి, చుక్క పడి కిరీటంలా లేచే ఆ ఫోటో మీరూ చూసే ఉంటారు. అమెరికాలో ఎం.ఐ.టి.లో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ప్రొఫెసరుగారు కంటికందని వేగాన్ని ఫ్లాష్‌తో ఆపడం మీద పడి, 1930ల నుంచీ కుస్తీ పట్టి, 1957లో దాన్ని సాధించారు. లోకంలో అంత పేరున్న చుక్క ఫోటో ఇంకోటి లేదు. తీరా చూస్తే అది నీళ్ళ చుక్క కాదు, పాల చుక్క! నీళ్ళైతే ఇటునుంచి అటు కనిపించిపోతాయి, పాలైతే అంచు తెలుస్తుంది. మా చిన్నప్పుడు మా వీధికొచ్చే పాలవాడి దగ్గర కొనుక్కుని ఉంటే ఆ ప్రొఫెసరుగారికి పాల ఫోటో, నీళ్ళ ఫోటో రెండూ ఒకే దెబ్బకి వచ్చేవి.

జలపాతాల వ్యవహారం ఇంకా అన్యాయం. ఆదిలాబాద్ జిల్లాలో కడెం వాగు మీద కుంటాల జలపాతం ఉంది. వర్షాకాలంలో దాని హోరు వింటే పక్కవాడి మాట వినబడదు. మా కాపురానికి అది అన్నివిధాలా అనువైన చోటు. అక్కడ ఈయన స్టాండు వేసి, కెమెరా కంటికి నల్లద్దం తగిలించి, ఊపిరి బిగబట్టి బటన్ నొక్కారు. ఇంటికొచ్చి చూపిస్తే కొండ ఉంది, రాళ్ళున్నాయి, మధ్యలో తెల్లగా పొగ ఉంది. "నీళ్ళేవండీ?" అన్నాను. "అవే నీళ్ళు" అన్నారు. కెమెరా తలుపు ఒక సెకను పాటు తెరిచి ఉంచితే పడే నీళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పడి పొగమంచులా వస్తాయట. అదే సెకనులో వెయ్యో వంతు తెరిస్తే ప్రతి చుక్కా గాజుపూస మాదిరి గాల్లో ఆగిపోతుందట. మామూలు మనిషి కన్ను రెండూ చూడదు. అంటే రెండూ అబద్ధాలే. కాకపోతే గాజుపూసల అబద్ధం నాకు నచ్చింది. దాన్ని చూస్తే కనీసం తడుస్తామన్న భయం ఉంటుంది.

ఈ అబద్ధాలు నిన్నా మొన్నటివి కావు. 1850లలో గుస్తావ్ లె గ్రే అనే మరో ఫ్రెంచాయన సముద్రాన్ని తీసి యూరప్ మొత్తాన్ని నోరెళ్ళబెట్టించాడు. ఆ రోజుల గాజుపలకల మీద సముద్రం సరిగ్గా వస్తే ఆకాశం తెల్లబోయేది, ఆకాశం సరిగ్గా వస్తే సముద్రం నల్లబడేది. ఆయన సముద్రాన్ని ఒక నెగటివ్ మీద, ఆకాశాన్ని ఇంకో నెగటివ్ మీద తీసి, ఈడూ జోడూ కుదిరిందనిపించినప్పుడు రెండింటికీ ముడి వేసేవాడు. మన పెళ్ళిసంబంధాలు కుదిర్చేవాళ్ళు చేసేదీ ఇంచుమించు అదే కనుక ఆయన్ని తప్పు పట్టను.

మనదేశపు వానకీ ఇలాంటి కథే ఉంది. న్యూజీలాండ్‌కి చెందిన బ్రయన్ బ్రేక్ అనే ఫోటోగ్రాఫర్ 1960లో రుతుపవనాల్ని ఫోటో తియ్యడానికి వచ్చాడు. మరుసటేడు లైఫ్ పత్రికలో పడ్డ ఆ బొమ్మల్లో ఒకటి మహా ప్రసిద్ధం. పల్లెటూరి పిల్ల కళ్ళు మూసుకుని, మొహం పైకెత్తి తొలకరిని అనుభవిస్తోంది. ఆ పల్లెటూరి పిల్ల ఎవరనుకున్నారు? తర్వాత పెద్ద నటి, దర్శకురాలు అయిన అపర్ణాసేన్. అప్పటికి ఆవిడకి పద్నాలుగేళ్ళు. ఊరు కలకత్తా. వాన కురిసింది మేడ మీద. కురిపించింది మొక్కలకి నీళ్ళు చల్లే డబ్బాతో! ముక్కు కుట్టించుకోని పిల్లకి ఆకుపచ్చ ముక్కుపుడక జిగురుతో అంటించారని ఆవిడే చెప్పారు. ఇది తెలిశాక ఈయనకి రెండ్రోజులు అన్నం సయించలేదు. నాకు మాత్రం బ్రేక్‌గారి మీద గౌరవం పెరిగింది. మేఘాల్ని నమ్ముకుని కూర్చున్నవాడు మా నాన్నలాగా వ్యవసాయం చెయ్యాలిగాని ఫోటోలు తియ్యకూడదు.

బ్రేక్‌గారి డబ్బా ఇప్పటికీ మన గోదావరి జిల్లాల్లో సజీవంగా ఉందని నేను కళ్ళారా చూశాను. మా తమ్ముడి కొడుకు రాజమండ్రిలో పెళ్ళి ఫోటోలు తీస్తాడు. పెళ్ళికి ముందు వధూవరుల్ని నీళ్ళలో ముంచి తీసే ప్రీవెడ్డింగ్ షూట్లకి వాడు స్పెషలిస్టు. కిందటేడు మేలో హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ జంట వాడి రీల్ చూసి ఫోన్ చేసింది. కోనసీమ కాలవ, నాటుపడవ, కొబ్బరాకుల నీడ, పడవలో పాట. "అత్తా, నువ్వూ మావయ్యా కూడా రండి, సరదాగా ఉంటుంది" అంటే వెళ్ళాం. తీరా కొత్తపేట దగ్గర గట్టు మీదకి ఎక్కి చూస్తే కాలవలో కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారన్న సంగతి హైదరాబాద్ పిల్లలకి తెలియకపోవడంలో వింత లేదు. రాజమండ్రిలో పుట్టి పెరిగిన మావాడు మర్చిపోవడమే వింత. "రీల్‌లో నీళ్ళున్నాయి కదా అన్నా?" అన్నాడు పెళ్ళికొడుకు షేర్వానీలో చెమటలు కక్కుతూ. "అది ఆగస్టులోది" అన్నాడు మావాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి ఈ డెల్టాకి నీళ్ళిచ్చిన కాటన్ దొర కూడా మే నెల షూటింగుల సంగతి లెక్కలో వేసుకోలేదు.

కానీ మావాడు ఓడేరకం కాదు. పక్కనే కొబ్బరితోటలో బోరుంది. తోట రైతుని బతిమాలి మోటారు వేయించాడు. పైపు మూతి సగం బొటనవేలితో నొక్కి పట్టి ఆకాశంలోకి ఎత్తితే అద్భుతమైన వాన. ఆ వాన వెనకాల ఒక లైటు పెట్టించాడు. ఇందులో కిటుకుందట. వానకి ఎదురుగా వెలుగు వేస్తే చుక్కలు కనిపించవు, వెనకనుంచి వేస్తేనే మెరుస్తాయి. సినిమాల్లో వానపాట తీసేవాళ్ళందరూ చేసేది ఇదే. పైపు పట్టుకున్న రైతు మాత్రం కాసేపు అటూ ఇటూ చూసి, "బాబూ, నీళ్ళు చెట్లకి పెట్టమంటారా, పిల్లకి పెట్టమంటారా?" అని అడిగాడు. పిల్లకే పెట్టమన్నారు. ఆ పిల్ల లెహంగా పీల్చుకున్న నీళ్ళకి రెండు కొబ్బరిచెట్లు బతికేవి. బరువెక్కిన లెహంగాతో కదల్లేక ఆవిడ నిలబడిపోతే, అదేదో గంభీరమైన పోజు అనుకుని మావాడు చుట్టూ తిరిగి తీసేశాడు. "త్రీఫేజు పన్నెండింటికి పోద్ది, ఈలోగా కానిచ్చుకోండి" అని రైతు ముందే చెప్పాడు. సరిగ్గా పెళ్ళికొడుకు మోకాలి మీద కూర్చుని పువ్వు అందించే ఘట్టంలో కరెంటు పోయింది. వాన ఠక్కున ఆగిపోయింది. ఆ జంట పెళ్ళి మరుసటి వారమే. జీలకర్రా బెల్లం వేళకి పెళ్ళికూతురికి పడిశం ముదిరి, సన్నాయి ఆగిన చోటల్లా తుమ్ము వినిపించిందని మావాడే చెప్పాడు.

మా పెళ్ళినాటికి ఈ వేషాలు లేవు. అయినా నీళ్ళు మమ్మల్నీ వదల్లేదు. డిజిటల్ రాకముందు ఫోటో అంటేనే నీళ్ళ పని. చీకటిగదిలో ఆ మందులోంచి ఈ మందులోకి మార్చి, చివర్న హైపో అనే ద్రావణంలో ముంచి తీశాక, ఆ హైపో పోయేదాకా పారే నీళ్ళలో బాగా కడగాలి. పాతకాలం మందపాటి కాగితాలకైతే గంటసేపు పట్టేది. మా పెళ్ళి నడివేసవిలో, ఊళ్ళో కుళాయిలు రోజుకోసారి వచ్చే రోజుల్లో జరిగింది. స్టూడియో ఆయన కుళాయి నీళ్ళు ఫోటోలకి వాడాలో, ఇంటికి పంపాలో తేల్చుకోలేక మధ్యేమార్గం పట్టినట్టున్నారు. కడుగుడు చాలని ఫోటోలు ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతాయి. మా ఆల్బమ్‌లో మంగళస్నానాల పేజీ మొత్తం పసుపెక్కింది. మా మనవరాలు అది చూసి, "తాతయ్యా, మీరు అప్పుడే హల్దీ ఫంక్షన్ చేసుకున్నారా!" అని మురిసిపోయింది. మేం కాదనలేదు.

నాగార్జునసాగర్ గేట్లెత్తినప్పటి సంగతి చెప్పకుండా ఉండలేను. ఇరవయ్యారు గేట్లలోంచి కృష్ణమ్మ దూకుతుంటే సగం హైదరాబాద్ నూట యాభై కిలోమీటర్లు కార్లేసుకుని పోతుంది. వెళ్ళినవాళ్ళందరూ చేసే పని ఒక్కటే. నీళ్ళకి వీపు తిప్పి నిలబడి తమని తాము ఫోటో తీసుకోవడం. మేం వెళ్ళినరోజు ఆ గుంపులో నీళ్ళవైపు తిరిగి నిలబడ్డది ఒక్క మొక్కజొన్న పొత్తులమ్మే ఆవిడే. అదైనా గాలి అటునుంచి వచ్చి నిప్పులు రాజుకుంటాయని.

కెమెరా నీళ్ళ గురించి నిజం చెప్పిన సందర్భాలు లేకపోలేదు. ఇంగ్లండులో వర్దింగ్టన్ అనే శాస్త్రజ్ఞుడు చీకట్లో చుక్క పడేసి, సరిగ్గా పడే క్షణంలో మెరుపు మెరిపించి, కంట్లో మిగిలిన బొమ్మని ఏళ్ళ తరబడి చేత్తో గీశాడు. అన్నీ గుండ్రంగా, రేకులన్నీ సమానంగా, ముగ్గేసినంత ముచ్చటగా వచ్చాయి. 1890లలో అదే చుక్కని ఫోటో తీస్తే ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం, ఓ రేకు పొడుగు, ఓ రేకు పొట్టి. ఇన్నాళ్ళూ తన కన్నే వంకరలు దిద్దిపెట్టిందని ఆ మహానుభావుడు పుస్తకం రాసి మరీ ఒప్పుకున్నాడు. పుస్తకం రాయకపోయినా ఫర్వాలేదు, మా పై ఫ్లాట్ ఆయన కూడా అలా ఒప్పుకుంటాడేమోనని మేం కెమెరా మీదే ఆశ పెట్టుకున్నాం.

మా హాలు సీలింగ్‌కి చెమ్మ. ఇది నీళ్ళలో నాకు బాగా దగ్గరైన రకం. వాళ్ళ బాత్రూంలోంచి దిగుతోంది. ముందు అరచేతి మందం మచ్చ. తర్వాత అంచులు గోధుమరంగులోకి తిరిగాయి. సున్నం పొక్కి పెచ్చులు లేచి, మధ్యలో ఒక చుక్క ఊరడం, ఊగడం, టీపాయ్ మీద పడడం మొదలైంది. అసోసియేషన్‌లో చెబితే "మీ గోడ పెయింట్ నాసిరకం" అన్నాడు పై ఆయన. ఇక లాభం లేదు, సాక్ష్యం ఉండాల్సిందేనన్నాను. ఈయన తెల్లవారుజామున లేచి, స్టూలెక్కి, పొక్కులు తేలి కనిపించేలా పక్కనుంచి టార్చి వేయించి (పట్టుకున్నది నేనే), చుక్క సరిగ్గా విడివడే క్షణంలో బటన్ నొక్కారు. చుక్క లోపల మా కిటికీ తలకిందులుగా కనిపించింది. అంచున బంగారు వెలుగు, వెనకాల మచ్చలన్నీ దూరపు కొండల్లా మసకగా ఉన్నాయి. దాన్ని ఫుల్ సైజులో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇక పై ఆయనకి నోరు పెగలదనుకున్నాం.

పది నిమిషాల్లో ఆయనే మెట్లు దిగి మా ఇంటికొచ్చాడు. ఫోన్ చేతిలో ఉంది, మొహం వెలిగిపోతోంది. "సార్, అదరగొట్టేశారు! ఎక్కడిదండీ ఇది, అరకులోదా? మా హాల్లో ఫ్రేమ్ కట్టించి పెట్టుకుంటాను, ఒక కాపీ ఇప్పించండి" అన్నాడు.

నేను పైకి చూశాను. చుక్క ఊరుతోంది. మా ఆయన కుర్చీ జరిపి ఆయన్ని సరిగ్గా దాని కిందే కూర్చోబెట్టి, "ఏ సైజులో కావాలండీ?" అని అడిగారు.