రోలుకు పన్నెండు

మొన్న పొద్దున మా మనవరాలు ఉప్మా పళ్ళెం ముందు పెట్టుకుని పదకొండు ఫొటోలు తీసింది. లెక్కపెట్టాను. పళ్ళేన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, అడుగునున్న కరివేపాకు రెబ్బ ఏరి పైన పెట్టి, కిటికీ తెర జరిపి, మొత్తం పదకొండు. ఇంకొక్కటి తీస్తే మా రోజుల్లో ఒక రోలు ఖాళీ. ఈలోగా ఉప్మా చల్లారి గడ్డకట్టింది. పదకొండిట్లో పది చెరిపేసి ఒక్కటి ఉంచుకుంది. దాన్నైనా ఉన్నదున్నట్టు ఉంచిందా? వేలితో ఏదో జరిపి పసుపు పెంచింది. మా ఇంట్లో ఉప్మా అంత పచ్చగా ఏనాడూ లేదు. ఆ సంగతి మీ అమ్మమ్మ చెవిన పడనీకు అని మాత్రం చెప్పి ఊరుకున్నాను.

నా మొదటి కెమెరా 1974లో కొన్నాను, ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. అగ్ఫా క్లిక్ త్రీ. సెకండ్‌హ్యాండుది. నల్లటి డబ్బా, ముందొక కన్ను, పైన తిప్పే పిలక. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు. అంతకుమించి దాన్లో తెలివితేటలేమీ లేవు. తెలివేదన్నా ఉంటే పట్టుకున్నవాడికి ఉండాలి. నూట ఇరవై నంబరు రోలు అందులో వేస్తే చదరంగా పన్నెండు బొమ్మలు పడతాయి. పన్నెండంటే పన్నెండే. కెమెరా వీపున చిన్న ఎర్రగాజు కిటికీ ఉండేది. పిలక తిప్పుతూ దాన్లోకి తొంగిచూస్తే, ఫిల్ము వెనకున్న కాగితం మీద అచ్చేసిన అంకె మెల్లగా జరుగుతూ వచ్చి మధ్యలో ఆగేది. ఆ అంకె పెరిగినకొద్దీ గుండె బరువెక్కేది. తొమ్మిది దాటాక ఎవరు ఎదురొచ్చి నవ్వినా కెమెరా చంకలో దాచుకునేవాణ్ణి.

దొరికిన ఫిల్మే వాడేవాళ్ళం. తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో ఒకటి. ఊటీలో ప్రభుత్వం వారి హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసే ఇందు ఒకటి. నెలకు రెండు సినిమాలు మానుకుంటే రోలు ఒకటి చేతికొచ్చేది. అందుకని నొక్కేముందు ఆలోచించేవాళ్ళం. నేనైతే నోటుబుక్కే పెట్టాను. రోలు నంబరు, తేదీ, ఒకటోది ఏమిటి, రెండోది ఏమిటి, ఎండా మబ్బా, అన్నీ రాసుకునేవాణ్ణి. ఆ నోటుబుక్కు ఇప్పటికీ ఉంది, బీరువా అడుగు అరలో. మా మనవరాలి ఫోనులో పద్ధెనిమిది వేల ఫొటోలున్నాయట. అందులో కిందటి సంక్రాంతి ముగ్గు చూపించవే అంటే అరగంట వెతికి, తర్వాత చూపిస్తానంది. ఇంకో సంక్రాంతి వస్తోంది.

పెళ్ళిళ్ళూ పేరంటాలూ తీసే పని నాది కాదు. దానికి స్టూడియోవాళ్ళున్నారు. నాకు రోజూ కనబడేవే కావాలి. తెనాలికి మూడు కాలువలున్నాయి. ఆ మూడింట్లో పొద్దున, సాయంత్రం గేదెలు దిగేవి. తడిసిన గేదె వీపు మీద ఏటవాలు ఎండ పడితే, ఆ నల్లనలుపు మీద వెండిగీత ఒకటి మెరుస్తుంది. అది పట్టడం కోసం ఎన్ని ఆదివారాలు కాలవగట్టున గొంతుక్కూర్చున్నానో! "గేదెని ఫొటో తీస్తావేంట్రా, మనుషులు కరువా?" అని మా మేనత్త దెప్పేది. అలాగని ఒకసారి ఆవిణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి తీశాను. తీశాక పిలక తిప్పడం మరిచిపోయి, ఇంట్లోకొచ్చి కొత్త రేడియోని తీశాను. రెండూ ఒకదాని మీదొకటి పడ్డాయి. రేడియో లోపల కూర్చుని వార్తలు చదువుతున్నట్టు వచ్చింది మా మేనత్త. ఆవిడకున్న ఫొటో అదొక్కటే. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని మళ్ళీ కెమెరా ముందు కూర్చోలేదు. తొంభై దాటాకే పోయింది.

ఫిల్ము కడగడం ఇంకో తపస్సు. కడగటానికి స్టూడియోకిస్తే "రేపు రండి" అనేవాళ్ళు, ఆ రేపు వారానికొచ్చేది. విసుగెత్తి ఆ స్టూడియో మేస్టారి దగ్గరే సాయంత్రాలు కూర్చుని పని నేర్చుకున్నాను. మా సామాన్లగది కిటికీకి నల్ల కంబళి కొట్టి నా సొంత డార్క్‌రూము తయారుచేశాను. డెవలపర్ మందు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలని పుస్తకం చెప్తుంది. పుస్తకం రాసినవాడు మే నెలలో తెనాలి చూడలేదు. కుండలో నీళ్ళే గోరువెచ్చగా ఉండే ఊరు. వేడి ఎక్కువైతే ఫిల్ము మీది పొర మెత్తబడి, పాల మీగడలా జారిపోతుంది. అందుకని ఐసు ఫ్యాక్టరీ నుంచి పొట్టులో చుట్టిన ముక్క తెచ్చి, బకెట్లో వేసి, అందులో మందు సీసా నిలబెట్టేవాణ్ణి. మిగిలిన ఐసు పిల్లలు నాకేవాళ్ళు. ఫిల్ము కడిగేది కటిక చీకట్లో. కాగితాలు వేసేటప్పుడు మాత్రం ఎర్ర బల్బు. ట్రేలో తెల్లకాగితం వేసి ఊపుతూ ఉంటే, ముందు జుట్టు కనబడుతుంది, తర్వాత కనుబొమ్మలు, చొక్కా గుండీలు, ఆఖరికి మొహం. అలా ఆ ఏళ్ళలో ఎన్నిసార్లు చూశానో తెలియదు గాని, ఒక్కసారైనా ఊపిరి బిగబట్టకుండా చూడలేదు. తర్వాత హైపోలో వేసి, ధారకింద బాగా కడగాలి. కడగడానికి బద్ధకిస్తే కొన్నేళ్ళకు ఫొటో పసుపెక్కుతుంది. నా ఆల్బమ్ తిరగేస్తే ఏ యేడు మా వీధి కుళాయి రాలేదో చెప్పొచ్చు.

ఇంత చెప్పి, మేం ఎడిటింగు చెయ్యలేదని బుకాయిస్తే కళ్ళు పోతాయి. చేశాం. ఆ స్టూడియో మేస్టారు రిటచింగులో చెయ్యి తిరిగిన మనిషి. నెగటివును గాజుబల్ల మీద పెట్టి, కింద దీపం పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మచ్చలు పూడ్చేవాడు. నెగటివులో తెలుపు నలుపూ తారుమారు కదా; మొహం మీది నల్లమచ్చ అక్కడ తేటగా ఉంటుంది, దానిమీద పెన్సిలు పూస్తే కాగితం మీద తెల్లబడుతుంది. అమ్మవారు పోసిన మచ్చలున్న పిల్లలకు పెళ్ళిచూపుల ఫొటోలంటే ఆయనే. ఒక్కో మొహానికి గంటసేపు, ఉఫ్ అని ఊదకుండా. తర్వాత పెళ్ళివారొచ్చి పిల్లను చూసి, ఫొటోను చూసి, ఆయన వంక చూసేవాళ్ళు. ఆయన అప్పటికి టీకి వెళ్ళి ఉండేవాడు. కలిసి ఒక్క ఫొటో కూడా దిగకుండానే పోయిన తల్లిదండ్రుల్ని విడివిడి ఫొటోల్లోంచి కత్తిరించి పక్కపక్కన కూర్చోబెట్టి, రంగులద్ది, దండ వెయ్యడానికి చట్రం కట్టించి ఇచ్చేవాడు. బతికుండగా ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్ళు కూడా అక్కడ భుజం భుజం ఆనించి కూర్చునేవాళ్ళు.

ఎన్‌లార్జరు కింద కాగితం పెట్టి వెలుగు పంపేటప్పుడు, మొహం మరీ నల్లబడకుండా సైకిలు పుల్లకు అతికించిన గుండ్రటి అట్టముక్కను అడ్డంగా ఆడించేవాడాయన. ఆకాశం తేలిపోతే అరచెయ్యి గుండ్రంగా ముడిచి, ఆ సందులోంచి అక్కడికి మాత్రమే ఇంకాస్త వెలుగు పంపేవాడు. లెక్క సెకన్లలో కాదు, రామనామంలో. "ఇది నాలుగు రాములు, అది ఏడు రాములు" అనేవాడు. మొన్న మా మనవరాలు కంప్యూటరులో ఫొటోషాప్ తెరిచి, "తాతయ్యా, ఈ చెయ్యి గుర్తేంటి? ఈ పుల్ల ఐస్‌క్రీం ఏంటి?" అంది. కళ్ళజోడు పెట్టుకుని చూద్దును కదా, మా మేస్టారి చెయ్యి! మా సైకిలు పుల్ల! డాడ్జ్, బర్న్ అని పేర్లు కూడా ఆ చీకటిగదివే. వాటిని రోజూ నొక్కుతూ అవేమిటో తెలియదు ఈ పిల్లకి. చెప్తే, "ఓ, కూల్" అంది.

హాట్ షాట్ కెమెరాలొచ్చి, కలరొచ్చి, గంటలో ప్రింట్లిచ్చే ల్యాబులొచ్చినప్పుడే నా గదిలో కంబళి దించేశాను. ఆ కాలం గురించి చెప్పడానికేం లేదు. అందరి మొహాలూ ఎర్రగా ఉండేవి, కళ్ళు అంతకన్నా ఎర్రగా.

ఇప్పటి ఫోను మీద నా ఫిర్యాదు మచ్చలు చెరిపేస్తుందని కాదు. దాని పాపం దానిది. మీట నొక్కేలోగానే నాలుగైదు తీసుకుని, కలిపి కుట్టి, ఒకటని మన చేతిలో పెడుతుంది, అదీ పోనీ. నా బాధల్లా వెనక ఉన్నదాని గురించి. పోర్‌ట్రెయిట్ మోడట, మనిషి వెనకున్నదంతా అలికేస్తుంది. అలక్కపోతే వేలితో గీసి తీసేస్తారు. తీగలు అడ్డం, స్తంభం అడ్డం, అవతల నడిచే మనిషి అడ్డం. ఫొటో తీసిన రోజు మనిషినే చూస్తాం, నిజమే. నలభై ఏళ్ళు పోయాక ఆ మనిషి మొహం ఎలాగూ గుర్తుంటుంది. అప్పుడు చూసేదంతా వెనకాలదే. గోడ, గడియారం, మంచం కోడు, చుట్టాలావిడ చేతి సంచి. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాముకు ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ గాజుపలకల్లో దొరల మీసాలు ఒకసారి చూస్తే చాలు నాకు. గుర్రాన్ని పట్టుకుని పక్కన నిలబడ్డవాడి తలపాగా, గుడారం తాళ్ళు, నేల మీది దుమ్ము, వీటి దగ్గర ఆగిపోతాను.

ఇదంతా గుర్తొచ్చింది మా బావమరిది ఫొటో వల్ల. కొత్త సైకిలు పట్టుకుని మా అత్తగారి ఇంటి ముందు నిలబడ్డాడు, ఇరవయ్యేళ్ళవాడు. ఆల్బములో ఉన్న చిన్న ప్రింటును, సాలెగూడు అచ్చున్న పల్చటి కాగితం పైకెత్తి, మనవరాలు ఫోనుతో తీసుకుంది. రాత్రికి నాకు పంపింది, "సర్‌ప్రైజ్ తాతయ్యా" అని. బావమరిది ఉన్నాడు. సైకిలుంది. వెనక వెన్న పూసినట్టు నున్నటి గోడ.

"ఇదెవరి గోడే?" అన్నాను.

"అదే గోడ. క్లీన్ చేశా."

కాదు. ఆ గోడ మీద ఆవూ దూడా గుర్తు ఉండాలి. 1977 మార్చి ఎన్నికలకు గేరు రంగుతో వేసినది. దానిమీద సగం ఎక్కి అడవి రాముడు పోస్టరు ఉండాలి. ఆ సినిమా ఏప్రిల్ ఆఖర్లో వచ్చింది. వానలు పడితే పోస్టరు నిలవదు. అంటే ఫొటో మే నెలదో, జూన్ మొదటిదో. తేదీ రాయకపోయినా గోడ చెప్తుంది. ఎడమ అంచున గోలీసోడా బండివాడు సగం పడ్డాడు, నడుస్తున్నాడేమో మొహం చెదిరింది. ప్రహరీ మీదుగా దండెం, దాని మీద బట్టలు. ఇవన్నీ తీసేసి, లేని గోడ ఒకటి తనంతట తానే కట్టి పెట్టింది ఆ ఫోను. పెన్సిలుతో మా మేస్టారు మచ్చలు పూడ్చాడే గాని, ఊళ్ళో లేని గోడలు కట్టలేదు.

ఇదంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆ పిల్ల అంతా విని, లేచి హాల్లోకి వెళ్ళి, గోడకున్న పెద్ద పటం చూపించింది. అదే ఫొటో. నేనే ఎన్‌లార్జి చేసి చట్రం కట్టించినది.

"ఇందులో సోడా బండి ఏది తాతయ్యా?"

లేదు. అప్పట్లో అడ్డంగా ఉన్నాడని నేనే కోసేశాను. దండెం కూడా.

"నాకు నెగటివుంది," అన్నాను కాస్త గట్టిగానే. "కోసింది కాగితాన్నే గాని నెగటివును కాదు."

"అయితే తియ్యండి చూద్దాం."

బీరువా అడుగు అరలోంచి హార్లిక్సు సీసా, అందులో కాగితపు కవర్లు, పక్కన నోటుబుక్కు. ల్యాప్‌టాప్ తెరను తెల్లగా చేసి, దానిమీద నెగటివు పరిచి, ఫోనుతో తీసి తారుమారు చేసింది. అరనిమిషం పట్టలేదు. నా సామాన్లగదీ ఐసుగడ్డా లేకుండానే సోడా బండివాడు బయటికొచ్చాడు. వేళ్ళతో విడదీస్తూ పోయింది. సీసాల వరస. సీసాలో గోలీ. దండెం మీద గళ్ళచీర.

కాఫీ తెచ్చిన మా ఆవిడ భుజం మీంచి తొంగిచూసి, తమ్ముణ్ణి చూడలేదు, సైకిలు చూడలేదు.

"ఆ గళ్ళచీర నాది," అంది. "పెళ్ళైన ఏడాదిది. ఆ పూట అది కట్టుకుని నన్ను కూడా ఒకటి తీయండంటే, రోలైపోయిందన్నారు. ఆ కోపంతోనే విడిచి ఉతికి ఆరేశాను."

"అయిపోయిందిగా మరి," అన్నాను. "రోలుకు పన్నెండే."

మనవరాలు అప్పటికే నోటుబుక్కు తెరిచింది. "తాతయ్యా, చిన్న తాతయ్య సైకిలు ఏడోది. ఎనిమిది, గేదె, ఎండ. తొమ్మిది, గేదె, మబ్బు. పది..."

నోటుబుక్కు లాక్కున్నాను. మా ఆవిడ అప్పటికే కాఫీ గ్లాసుతో సహా వంటింట్లోకి వెళ్ళిపోయింది.